నడవాలో గాలి

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం గుర్తొస్తుంది కదూ! స్కూలు పాఠాలన్నీ ఆ దీపం దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం ఆవిడ ఒక ఆసుపత్రి నడవా గురించి పెట్టుకున్న తగవు ఎక్కువ ఇష్టం.

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో కలవారింట పుట్టింది. ఊరిపేరే పెట్టారు. నర్సు పనికి ఇంట్లోవాళ్లు ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో ఆ పనికి పరువు లేదు మరి. అయినా 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రికి చేరింది. అక్కడ గాయాలకంటే రోగాలతోనే సిపాయిలు ఎక్కువగా పోతున్నారు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది! ప్రభుత్వం పంపిన నిపుణులు మార్చిలో భవనం కింది మురుగుకాల్వలు శుభ్రం చేయించి, గాలి ఆడే ఏర్పాటు చేశాక, జూన్ నాటికి ఆ లెక్క రెండుకి దిగింది.

తిరిగొచ్చేసరికి ఇంగ్లండులో నెట్లీ దగ్గర పెద్ద సైనికాసుపత్రి కడుతున్నారు. 1856లో విక్టోరియా రాణే శంకుస్థాపన చేసింది. పావుమైలు పొడవు భవనం, పొడుగాటి నడవాలు, వాటినానుకుని వార్డులు. ప్లాను చూసి ఫ్లారెన్స్ మండిపడింది. ఒక వార్డులోని చెడుగాలి తలుపులోంచి నడవాలోకొచ్చి పక్క వార్డుల్లో దూరుతుందని ఆవిడ అభ్యంతరం. ప్రధానమంత్రి పామర్‌స్టన్‌ని స్వయంగా కలిసి ఒప్పించింది కూడా. కానీ అప్పటికే పని ముందుకు పోయింది, డబ్బు ఖర్చయింది. చిన్నచిన్న మార్పులు తప్ప ఆ ప్లానుతోనే 1863లో ఆసుపత్రి తెరిచారు.

ఆవిడ ఊరుకోలేదు. 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో మొదటి అధ్యాయమే గాలి గురించి. రోగి గది తలుపు నడవావైపు తీస్తే మంచిగాలి రాదు, వంట వాసనా, దీపాల గ్యాసూ వస్తాయంటుంది. మనిళ్లలో ఎండుమిర్చి పోపు వేస్తే చివరి గదిలో వాళ్లు దగ్గరూ!

ఇప్పుడు ఇంజనీర్లు ఇదే పని కంప్యూటరుతో చేస్తున్నారు. ఒక్కో గదినీ ఒక పెట్టె అనుకుని, తలుపులు, కిటికీలు, సందులగుండా వేడి, గాలి ఒత్తిడుల తేడావల్ల ఎంత గాలి ఎటు పోతుందో, దాంతో పొగ ఎంత చేరుతుందో లెక్కకడతారు. ఫ్లారెన్స్‌కి ఆ సౌకర్యం లేదు. పైగా చెడుగాలే రోగమనుకునేది, సూక్ష్మక్రిముల మాట చాలాకాలం నమ్మలేదు. గాలి నడిచే దారి మాత్రం సరిగ్గానే చూసింది.

లండన్‌లో 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రిని ఆవిడ కోరినట్టే విడివిడి భవనాలుగా కట్టారు, వార్డులకి రెండువైపులా కిటికీలు. 1910 ఆగస్టు 13న, తొంభయ్యేళ్ల వయసులో పోయింది. నెట్లీ భవనాన్ని 1966లో పడగొట్టారు. మధ్యలో ఉన్న ప్రార్థనామందిరం ఒక్కటే మిగిలింది.