హైదర్ జంగ్: బొబ్బిలి యుద్ధం వెనకున్న దివాను

బొబ్బిలి యుద్ధం అనగానే తాండ్ర పాపారాయుడు, రంగారావు, బుస్సీ గుర్తొస్తారు. బుస్సీ వెనక వ్యవహారం నడిపిన దివాను హైదర్ జంగ్ గురించి మాట్లాడుకునేది తక్కువ.

ఆయన అసలు పేరు అబ్దుల్ రహ్మాన్. మచిలీపట్నం పాలకుడి కొడుకు. నిజాం దర్బారు మర్యాదలు, ఫ్రెంచివాళ్ల పద్ధతులు రెండూ తెలిసిన మనిషి కాబట్టి బుస్సీకి కుడిభుజమయ్యాడు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. జీతాలు అందాలంటే శిస్తు రావాలి, శిస్తు రావాలంటే జమీందార్లు దారికి రావాలి. ఆ బేరసారాల్లో దివాను మాటకు చాలా బరువుండేది.

ఈ లెక్కలోనే ఫ్రెంచివాళ్లు విజయనగరం విజయరామరాజు పక్షం చేరారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. కోటలోని ఆడవాళ్లు, పిల్లలు కూడా బలైపోయారు. కథలు చెప్పేవాళ్లు ఆ నిందలో హైదర్ జంగ్‌కూ వాటా వేస్తారు. కొద్ది రోజులకే విజయరామరాజును పాపారాయుడు గుడారంలోనే చంపేశాడు. అంత ఖరీదు పెట్టి నిలబెట్టుకున్న మిత్రుడు అలా పోయాడు.

హైదర్ జంగ్ ముగింపూ గుడారంలోనే. 1758 మేలో ఔరంగాబాద్ దగ్గర, నిజాం తమ్ముడు నిజాం అలీని అధికారానికి దూరం చేసే ఎత్తు వేస్తుండగా, ఆయన మనుషుల చేతిలోనే హతమయ్యాడు. ఆ ఏడాదే బుస్సీ దక్కన్ వదిలాడు. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల వశమైంది. కోటలు కూల్చిన వ్యూహం మూడేళ్లు కూడా నిలవలేదు.