చిత్రకళాశాలా స్థాపకులు దామెర్ల రామారావుగారు

వార్షికసభలయందు మహాపురుషుల చరిత్రములను స్మరించుట మన ఆచారము. ఆ మహాపురుషు డే కులమున బుట్టెనను విచారముకంటె, అతని జీవితమువలన మన బిడ్డలు నేర్వవలసిన దేమనునదియే ముఖ్యము. కావున నిరువదియెనిమిదేండ్లు నిండకమునుపే కీర్తిశేషులైన యొక చిత్రకారుని కథను, ఆయన నెలకొల్పిన పాఠశాల కథను ఇచట సంగ్రహముగా విన్నవించుచున్నాను.

దామెర్ల రామారావుగారు 1897 వ సంవత్సరము మార్చి 8 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునుండియు వారికి బొమ్మలు వ్రాయుటయం దాసక్తి మెండు. చదువులు విడిచి బొమ్మలతో ప్రొద్దుపుచ్చు పిల్లవానిని మందలించుట లోకసహజము. అట్టి వానిలోని ప్రతిభను గుర్తించుట మాత్రము అరుదు. ఆ యరుదైన భాగ్యము రామారావుగారికి లభించెను. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ప్రధానాధ్యాపకులుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రేదొర స్వయముగా చిత్రకారుడు, రసికుడు. అడివి బాపిరాజుగారును, కవికొండల వెంకటరావుగారును ఆ దొరగారి ప్రోత్సాహము నందినవారే. ఆయన రామారావుగారి చేతివ్రాతను జూచి, ఈ బాలుని చోటు చిత్రకళాశాలయే యని నిశ్చయించి, 1916 లో బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలకు బంపిరి.

ఆనాడు తెలుగుదేశమున చిత్రకళ నభ్యసింపగోరిన యువకునకు బొంబాయియో, చెన్నపట్టణమో, కలకత్తాయో శరణ్యము. బొంబాయి కళాశాలకు అధ్యక్షులైన సిసిల్ బర్న్స్‌దొర రామారావుగారి చిత్రములను బరిశీలించి, ప్రథమపాఠములతో బనిలేదని పైతరగతిలో జేర్చుకొనిరి. 1920 నాటికి చదువు ముగిసెను. పిమ్మట వారు ఘూర్జరదేశమున బర్యటించిరి. అచటి చిత్రకారులైన రవిశంకర రావల్‌గారితో మైత్రి కుదిరెను. అజంతా గుహల చిత్రములు వారి హృదయమున గాఢముగా నాటుకొన్నవి.

బొంబాయి నేర్పిన శరీరనిర్మాణజ్ఞానమును, ప్రాచీన భారతచిత్రముల రేఖాలావణ్యమును మేళవించి, తెలుగువారి రూపురేఖలను, గోదావరీతీర దృశ్యములను చిత్రించుట రామారావుగారి ప్రత్యేకత. పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము, నందిపూజ, కార్తికపూర్ణిమ మున్నగునవి వారి కృతులు. 1922 లో కలకత్తా ప్రదర్శనమున ఋష్యశృంగుని చిత్రమునకు బహుమాన మబ్బెను. అప్పటి రాజప్రతినిధి రీడింగు ప్రభువు వారి ప్రకృతిదృశ్యము నొకదానిని గొనిరి. 1924 లో వెంబ్లీ ప్రదర్శనమునను వారి చిత్రము లుంచబడినవి.

ఇంత పేరు వచ్చిన పిమ్మట మహానగరమున స్థిరపడినచో వారికి ధనమునకు గొఱత యుండెడిది కాదు. కాని వారు స్వస్థలమునకే తిరిగివచ్చి, 1923 లో చిత్రకళాసమితిని, దానితోడ పాఠశాలను స్థాపించిరి. తెలుగుబాలుడు బొమ్మ వ్రాయ నేర్చుటకై వందల మైళ్లు పోనక్కరలేకుండ జేయుటయే వారి సంకల్పము. విద్యార్థులు పరుల చిత్రములకు ప్రతులు వ్రాయుటతో దృప్తినొందక, కన్నులయెదుటి మనిషిని, చెట్టును, ఏటిని జూచి వ్రాయవలయునని వారి పద్ధతి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకళ నభ్యసించిరి. ఆనాటి సంఘమున నిది సామాన్యవిషయము కాదు.

పాఠశాలకు రెండేండ్లు నిండెనో లేదో, 1925 ఫిబ్రవరి 6 వ తేదీన రామారావుగారు మశూచివ్యాధిచే దివంగతులైరి. గురువు పోయినపిమ్మట పాఠశాలయు బోవుట లోకమున దఱచు చూచుచున్నాము. ఇచట నట్లు జరుగలేదు. వారి మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆ భారమును తమ భుజములపై వేసికొని, 1963 లో తాము మరణించువఱకు శిష్యులను దీర్చిదిద్దిరి. సత్యవాణిగారు భర్త చిత్రములను అమ్ముకొనక ప్రజలపరము గావించిరి. రాజమహేంద్రవరమున రామారావుగారి పేర వెలసిన చిత్రశాల వారి త్యాగములకు ఫలము.

బొమ్మలు కూడు పెట్టునా యని కొంద రడుగుదురు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893 లో అమృతాంజనమును, 1924 లో భారతి మాసపత్రికను ప్రారంభించిరి. మందుడబ్బీకి బొమ్మ కావలెను, పత్రికకు ముఖచిత్రము కావలెను, వ్యాపారికి ప్రకటన కావలెను. బాపిరాజుగారు చలనచిత్రములకు కళాదర్శకులైరి. రామారావుగారు చదివిన బొంబాయి కళాశాలలోనే తరువాతి కాలమున వాణిజ్యచిత్రకళకు వేఱు శాఖ యేర్పడి, 1958 లో ప్రత్యేక విద్యాసంస్థ యయ్యెను. నేడు ప్రకటనలను రూపొందించువారికి బ్రత్యేకశిక్షణాలయములు గలవు. వాని కన్నిటికిని మొదటిమెట్టు చేయి తిరిగిన రేఖయే.

మన పలనాటిసీమకు శిల్పచిత్రములు క్రొత్త కావు. నాగార్జునకొండ శిల్పములు 1926 లో వెలుగులోనికి వచ్చినవి. రామారావుగారు మఱి యొక్క యేడాది జీవించియున్నచో వానిని గూర్చి వినియుందురు గదా యని మనసు కలుక్కుమనును. నాదెండ్ల మొదలగు గ్రామములయందు గోడమీద బొగ్గుతో బొమ్మ వ్రాయు పిల్లవాడు నేటికిని గలడు. వానిని గొట్టక, చేతికి కాగితమును కుంచెయు నిచ్చుట తలిదండ్రుల విధి. మన సంఘము లొసగు విద్యార్థివేతనములలో వైద్యమునకు, యంత్రశాస్త్రమునకు దోడు చిత్రకళకును గొంత భాగము కేటాయించుట పెద్దల విధి. ఒక కూల్డ్రేదొర కన్ను తెఱచి చూచుటచేత నొక రామారావు లభించెను. మనము కన్ను మూసికొని యెందఱ గోల్పోవుచున్నామో యోచింపుడు.