మాచాని సోమప్పగారు

ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు మగ్గమునకును పేరొందినవి. ఆ మగ్గమును నమ్మినవారి కూలికి ఒక నిలుకడ కల్పింపబూనిన పెద్దలు మాచాని సోమప్పగారు.

వారి కాలమున నేతగాడు సావుకారునొద్ద నూలు తెచ్చుకొని, నేసిన గుడ్డ ఆయనకే యప్పగించి, ఆయన యిచ్చినంత కూలి పుచ్చుకొనెడివాడు. ముందు తీసికొన్న బాకీ తీరువరకు మరియొకరికి నేయుట పొసగదు. కూలి పుచ్చుకొనువాడు ఒక్కడేయైనను పని మాత్రము ఇంటిల్లిపాదిది. పడుగు చాచి గంజి పెట్టుటకు నలుగురి చేతులు కావలెను. ఇల్లాలు రాట్నముపై కండెలు చుట్టనిదే నాడె కదలదు. బడికి పోవలసిన పిల్లవాడు మగ్గపు గుంట ప్రక్కనే పెరిగి, కాళ్లందిననాడు అందులోనే దిగును. లెక్కలు వ్రాయుటే వృత్తిగా గలవాడను గనుక చెప్పుచున్నాను: ఆ ఆడువారి పనికి ఏ చిట్టాలోను పద్దు లేదు.

1938లో సోమప్పగారు ఎమ్మిగనూరు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిరి. అప్పటికి ఈ సీమ చెన్నరాజధానిలోని బళ్లారి జిల్లాకు చెందినది. 1953లో ఆంధ్రరాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరినది. సంఘమే నూలునిచ్చి, గుడ్డ తీసికొని, కూలి చెల్లించి, అమ్మకపు భారమును తానే వహించుటతో నేతగానికి సావుకారు వాకిలి గాక వేరొక వాకిలి దొరికినది. ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది.

అయితే సంఘపు నీడ మగ్గమున్న ఇంటికే. మగ్గమును, నీరున్న పొలమును లేని కుటుంబములు ఎమ్మిగనూరు, కోసిగి, ఆదోని ప్రాంతములనుండి నేటికిని మిరపకోతలకు గుంటూరునకు, కట్టడపు పనులకు బెంగుళూరునకు పిల్లలతో కూడ తరలుచున్నవి. కోతల కాలము వచ్చినచో మన గ్రంథాలయమున పిల్లల బల్ల సగము ఖాళీ.