లోతుగా తవ్విన పునాది

డోంగ్లి, మద్నూరు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టే మేస్త్రీ గోడ సంగతి తర్వాత చూస్తాడు, ముందు పునాది గుంత చూస్తాడు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వకపోతే నాలుగు వానాకాలాలకే గోడ నెర్రెలిస్తుంది. లూకా సువార్త 6వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ఉపమానంలో ఇల్లు కట్టినవాడు కూడా లోతుగా తవ్వి బండమీద పునాది వేశాడు. ఆ బండ ఏమిటో ప్రభువే వివరించాడు. తన మాటలు విని, విన్నట్టుగా చేయడమే ఆ పునాది. ఇంటికైనా, వివాహ బంధానికైనా, సంఘానికైనా అంతే!

ఆ మాటలు విని చేసిన ఒక ఇల్లాలి జీవితం మన ప్రాంతంలోనే ఉంది. ఆమె డాక్టర్ ఇసబెల్ కెర్. 1875లో స్కాట్లాండ్‌లోని ఒక రైతు కుటుంబంలో పుట్టింది. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో ఎబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టరైంది. జార్జ్ కెర్‌ను పెళ్లాడింది. ఆయన ఒకప్పుడు వడ్రంగి, ఆ తర్వాత దైవసేవకుడు. 1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు.

అప్పట్లో కుష్ఠు సోకిందంటే బతికుండగానే బంధాలు తెగిపోయినట్టే. భార్య భర్తకు, తల్లి బిడ్డకు దూరమయ్యేవారు. ఊరు వెళ్లగొట్టేది. లేవీయకాండము 13వ అధ్యాయంలో పాళెము వెలుపల నివసించిన రోగుల దుస్థితే ఇక్కడి రోగులదీ. అయితే మత్తయి 8వ అధ్యాయంలో ప్రభువు కుష్ఠురోగిని మాటతోనే బాగుచేయగలిగి కూడా చెయ్యి చాపి ముట్టాడు. ఆ వాక్యాన్ని ఇసబెల్ ప్రసంగంగా విని వదిలెయ్యలేదు, దాన్నే తన పనిగా చేసుకుంది. 1911లో నిజామాబాద్‌లో కుష్ఠురోగుల కోసం ఒక చిన్న కేంద్రం తెరిచింది. వచ్చేవాళ్లు పెరిగి చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తంలో విరాళమిచ్చాడు. అలా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది. మతం వేరైన మనిషి చేతిని కూడా దేవుడు ఆ పునాదిలో రాయిగా వాడుకున్నాడు!

చాల్‌మోగ్రా జాతి నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చే వైద్యం 1920లలో కొత్త ఆశ పుట్టించింది. నేటి మందుల్లాంటిది కాదది. సూది నొప్పి భరిస్తూ నెలల తరబడి, ఏళ్ల తరబడి వైద్యం చేయించుకోవాలి. అంతకాలం రోగిని నిలబెట్టేది మందు ఒక్కటే కాదు, తనను విడిచిపెట్టని మనిషి కూడా. భార్యాభర్తలిద్దరూ ఆ పనిలో జతగా నిలిచారు. 1923లో ఇద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. ప్రసంగి 4వ అధ్యాయంలోని మూడు పేటల తాడులాంటిది వారి బంధం. భార్య ఒక పేట, భర్త ఒక పేట, వారిద్దరినీ కలిపి పేనిన దేవుడు మూడో పేట!

1932లో ఇసబెల్ డిచ్‌పల్లిలోనే కన్నుమూసింది. కాని ఆమెతోపాటు ఆసుపత్రి కూలిపోలేదు. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు రోగులు అక్కడ వైద్యం పొందారు. మనిషిమీద కట్టింది మనిషితోనే పోతుంది, వాక్యం మీద కట్టింది నిలుస్తుంది.

డోంగ్లి, బాన్సువాడ నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్నా 2016 దాకా డిచ్‌పల్లితోపాటు నిజామాబాద్ జిల్లాలోనివే. ఇంత దగ్గర జరిగిన ఈ సేవ మనకేం నేర్పిస్తోంది? కుష్ఠు ఇప్పుడు బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది, మందులు ఉచితం. కాని మనుషుల్ని వెలివేసే జబ్బు మాత్రం మనలో ఇంకా నయం కాలేదు. పొలం గట్టు దగ్గర మాట పడిన అన్నదమ్ములు ఒకే ప్రార్థనాలయంలో చెరో మూలా కూర్చుంటారు. కోడలు పలకరించక అత్త, కొడుకు కబురు పెట్టక తండ్రి కుమిలిపోతుంటారు. ఆదివారం వాక్యం విన్నాం సరే, సోమవారం ఎవరి గడప తొక్కాం?

బంధాలు వాటంతటవే నిలవవు, కాపాడుకుంటేనే నిలుస్తాయి. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగితే రేగడిలో బీట ఇంకా వెడల్పవుతుంది. ప్రభువు ముందుగా చెయ్యి చాపాడు. ఆయనను ఎరిగినవాళ్లం మనమూ ముందుగా చెయ్యి చాపుదాం. వాన రాకముందే గట్టి నేల దాకా తవ్వుకుందాం.