నీటి మీద వేగ వీరుడు డొనాల్డ్ కాంప్‌బెల్



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వారికి పడవ అంటే కృష్ణ మీద తిరిగే పుట్టి, కాకుంటే సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ. పడవ మెల్లగా పోతేనే మనకు హాయి. కాని గంటకు నాలుగు వందల కిలోమీటర్లకు మించి పడవ నడిపిన మనిషి ఒకరు ఇంగ్లండులో ఉండేవారు. ఆయన జీవితంలో పాత పడవను కొనడం, దానికి వేరే ఇంజను బిగించడం, ఆయన పోయాక పడవ ఎవరిదన్న తగాదా, అన్నీ ఉన్నాయి. పాత మోటారు బండిని బాగు చేయించి అమ్మాలనుకునేవారికీ, కొనాలనుకునేవారికీ ఈ చరిత్ర పనికివస్తుందని వ్రాస్తున్నాను.

డొనాల్డ్ కాంప్‌బెల్ 1921 మార్చి 23న జన్మించారు. తండ్రి సర్ మాల్కం కాంప్‌బెల్ కారు పందేలలో, పడవ వేగంలో ప్రపంచ ప్రసిద్ధులు. తన వాహనాలన్నిటికీ ఆయన పెట్టిన పేరు ఒక్కటే, బ్లూబర్డ్. 1939 ఆగస్టు 19న కానిస్టన్ సరస్సులో కె-4 అనే బ్లూబర్డ్ పడవను గంటకు 228 కి.మీ. వేగంతో నడిపి రికార్డు నెలకొల్పారు. యుద్ధం ముగిశాక, 1947లో, అదే పడవలో పాత ఇంజను తీసివేసి జెట్ ఇంజను పెట్టించారు. పడవ మాట వినలేదు. 1948 డిసెంబరు 31న సర్ మాల్కం కన్నుమూశారు.

కొడుకు బాల్యంలో కీళ్ళవాతపు జ్వరం పాలయ్యారు. ఆ కారణంగానే యుద్ధకాలంలో వైమానిక దళం ఆయనను తీసుకోలేదు. ఇంజనీరింగ్ పనిలో కుదురుకున్నారు. తండ్రి పోయాక ఆయన రికార్డును అమెరికా వారు కొట్టబోతున్నారన్న వార్త విని, దానిని ఇంట్లోనే నిలుపుకోవాలని పట్టుబట్టారు. కాని పడవ వారసత్వంగా రాలేదు. తండ్రి ఆస్తిని చక్కబెట్టే వారి దగ్గర కన్నకొడుకే డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. తండ్రి వద్ద దీర్ఘకాలం పనిచేసిన మెకానిక్ లియో విల్లా తోడు నిలిచారు. ఇద్దరూ కలిసి జెట్‌ను తీయించి, మళ్ళీ రోల్స్ రాయిస్ పిస్టన్ ఇంజను బిగించారు.

1950 జూన్‌లో అమెరికా పడవ ఒకటి గంటకు 258 కి.మీ. వేగంతో పాత రికార్డును దాటింది. దానిని అందుకోవాలని కె-4కు మరిన్ని మార్పులు చేశారు. 1951లో ఇటలీలో ఒక పందెం గెలిచింది కూడా. అదే సంవత్సరం కానిస్టన్ సరస్సులో సుమారు 274 కి.మీ. వేగం మీద పడవ చట్రం విరిగి మునిగిపోయింది. ప్రాణాలు దక్కాయి. 1939లో ఒక వేగానికి కట్టిన చట్రాన్ని అంతకన్న వేగంగా పరుగెత్తించడం వల్ల వచ్చిన ఫలితమది. ఇంజను మార్చినంత మాత్రాన పడవ వయసు తగ్గదు గదా!

మరుసటి ఏడు జాన్ కాబ్ అనే మరో సాహసి స్కాట్లండులోని లాక్‌నెస్ సరస్సులో ఇదే ప్రయత్నంలో మరణించారు. అయినా కాంప్‌బెల్ వెనుకాడలేదు. నారిస్ సోదరుల చేత కె-7 అనే లోహపు జెట్ పడవను తయారు చేయించారు. 1955 జూలై 23న అది 325 కి.మీ. దాటింది. అక్కడి నుండి ఏడు సార్లు రికార్డు ఆయనదే. 1964లో ఆస్ట్రేలియాలో జూలై 17న నేల మీద కారులో 648 కి.మీ., డిసెంబరు 31న నీటి మీద 444 కి.మీ. సాధించారు. ఒకే ఏడాదిలో రెండు రికార్డులూ సాధించినవారు నేటికీ ఆయన ఒక్కరే.

1966లో గంటకు 300 మైళ్ళు, అంటే 480 కి.మీ. పైన, దాటాలని పదేళ్ళు దాటిన కె-7కు ఆర్ఫియస్ అనే బలమైన ఇంజను పెట్టించారు. దాని కోసం దెబ్బతిన్న నాట్ యుద్ధ విమానాన్ని కొన్నారు. ఈ నాట్ మనకు కొత్తది కాదు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ విమానాలను ఎదుర్కొన్నది ఇదే. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు నాట్‌నూ, ఆర్ఫియస్ ఇంజనునూ తయారు చేశారు. కొత్త ఇంజను పీల్చే గాలి ధాటికి పడవ గాలిగొట్టాలు కుంగి, ముక్కలు లోపలికి పోయి ఇంజను పాడయింది. మరో ఇంజను వేశారు. పడవ ముక్కు పైకి లేవడం లేదని వెనుక బరువులు కట్టారు.

1967 జనవరి 4 ఉదయం ఒక దిక్కున సగటున 479 కి.మీ. వేగం వచ్చింది. రికార్డు లెక్కకు గంటలోపు తిరుగు పరుగు కూడా కావాలి. అలలు అణగేదాకా ఆగకుండా వెంటనే తిరిగారు. వేగం 500 కి.మీ. దాటాక పడవ గాలిలోకి లేచి, పల్టీ కొట్టి మునిగింది. ఆయన వయసు 45 ఏళ్ళు. కారణాల మీద నిపుణులు అనేక విధాలుగా చెప్పారు.

34 ఏళ్ళ తరువాత, 2001 మార్చిలో, బిల్ స్మిత్ అనే గజ ఈతగాని బృందం పడవను పైకి తీసింది. మే నెలలో భౌతికకాయం దొరికింది. సెప్టెంబరు 12న కానిస్టన్‌లోనే సమాధి చేశారు. కుటుంబం వారు 2006లో పడవను అక్కడి రస్కిన్ మ్యూజియంకు దానమిచ్చారు. స్మిత్ బృందం జీతం లేకుండా ఏళ్ళ తరబడి శ్రమించి, వేరే ఆర్ఫియస్ ఇంజను పెట్టి, 2018 ఆగస్టులో స్కాట్లండులోని ఒక సరస్సు మీద మళ్ళీ నడిపించింది. ఆ వెనుక తగాదా మొదలైంది. పాత పడవ మ్యూజియంది, మరి కొత్తగా చేసిన భాగాలు ఎవరివి? నడపాలా, నిలపాలా? వ్యవహారం న్యాయవాదుల దాకా పోయింది. చివరకు 2024 మార్చిలో పడవ కానిస్టన్ చేరింది.

ఇరు పక్షాలకూ పడవ మీద ప్రేమే. లేనిది ఆరంభంలోనే అందరూ ఒప్పుకుని వ్రాసుకున్న స్పష్టమైన కాగితం. ఆఫీసులలో ఫైళ్ళు నడిపిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఇంజను మారిస్తే రవాణా అధికారి అనుమతితో ఆర్.సి.లో నమోదు చేయించాలి. అమ్మినప్పుడు 29, 30 ఫారాలతో పేరు మార్పించాలి. ఇంజను ఎంత జోరుగా ఉన్నా కొనేవారు ముందు చట్రం చూడాలి. అమ్మేవారు మార్చిన భాగాల సంగతి దాచకుండా వ్రాసివ్వాలి. బాగుకు ఇచ్చేవారు ఎవరి ఖర్చు, ఎవరి హక్కు అన్నది ముందే తేల్చుకోవాలి. పిల్లలకు చెందాలనుకున్నది మనం ఉండగానే వీలునామాలో పెట్టాలి. తండ్రి పడవను కొడుకు కొనుక్కోవలసిన అవస్థ మన ఇళ్ళలో రాకూడదు.