విమర్శకు కొలతలతో బదులిచ్చిన ఆచార్యుడు

హిందూపురం, మదనపల్లె, కోలారు చుట్టుపట్ల పల్లెల నుంచి రోగులను వెంటబెట్టుకొని బెంగళూరు ఆసుపత్రులకు వెళ్లే కుటుంబాలకు సి.టి. స్కాన్ అనే మాట కొత్త కాదు. ఆ యంత్రం తీసే చిత్రాలను కూర్చడానికి ఉపకరించిన గణిత విధానాలలో ఒకదానిని రూపొందించిన శాస్త్రవేత్త, అదే నగరంలో టాటా ఇన్‌స్టిట్యూట్‌గా పేరొందిన భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేశారు. ఆయనే ఆచార్య జి.ఎన్. రామచంద్రన్.

రామచంద్రన్ 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో జన్మించారు. తండ్రి గణితాచార్యులు. తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రం చదివి, 1942లో విద్యుత్ ఇంజినీరింగు అభ్యసించడానికి బెంగళూరు చేరారు. అక్కడ సర్ సి.వి. రామన్ ఆయన ప్రతిభను గుర్తించి తమ భౌతికశాస్త్ర విభాగానికి తీసుకున్నారు. అనంతరం కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, 1949లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1952లో, ముప్పై ఏళ్ల వయసుకే, మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యారు.

ఆయన జీవితకృషి మాంసకృత్తుల చుట్టూ సాగింది. మన రక్తంలో ప్రాణవాయువును మోసేదీ, ఆహారాన్ని జీర్ణింపజేసేదీ, పట్టుపురుగు వడికే దారమూ మాంసకృత్తులే. అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు పూసలవలె గుచ్చుకొని పొడవైన గొలుసుగా ఏర్పడతాయి. ఆ గొలుసు ఏ ఆకృతిలో మడత పడుతుందో, దాని పని అందుకు తగినట్లు ఉంటుంది. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడేది ఆ ఆకృతి చెడినందువల్లే.

చర్మానికీ, ఎముకకూ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకూ బలమిచ్చే మాంసకృత్తి కొలాజెన్. దాని నిర్మాణం అప్పటికి తేలలేదు. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మద్రాసులోని తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువును సంపాదించి, ఎక్స్‌-రే చిత్రాలు తీశారు. మూడు గొలుసులు పలుపుతాడువలె పెనవేసుకొని ఉంటాయని 1954, 1955 సంవత్సరాలలో ప్రకటించారు.

అయితే విదేశాలలో ప్రఖ్యాతులైన ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండరానంత దగ్గరగా ఉన్నాయని ఆక్షేపించారు. రామచంద్రన్ వాదులాటకు దిగి ఊరుకోలేదు. పరమాణువులు నిజంగా ఎంత దగ్గరకు రాగలవో తెలుసుకోవడానికి, అప్పటివరకు తెలిసిన స్ఫటిక నిర్మాణాలలోని దూరాలన్నింటినీ శిష్యులతో కలిసి పరిశీలించారు.

ఇరుకు గదిలో తలుపు రెక్క గోడకో మంచానికో తగలనంత మేరకే తెరుచుకుంటుంది కదా! మాంసకృత్తుల గొలుసులోని ప్రతి కీలూ అంతే. పరమాణువులు ఢీకొనని కోణాలలో మాత్రమే అది తిరగగలదు. ఆ కోణాలను లెక్కగట్టి, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఒక పటంగా ప్రచురించారు. అదే ప్రపంచమంతటా రామచంద్రన్ పటంగా ప్రసిద్ధికెక్కింది. కొత్తగా కనుగొన్న మాంసకృత్తి నిర్మాణం సరైనదా కాదా అని నేటికీ ఆ పటంతో సరిచూస్తున్నారు. కొలాజెన్ విషయంలో కొన్ని వివరాలు తరువాత మారినా, మూడు గొలుసుల పెనవేత అన్న మూలభావన నిలిచింది.

1970 ప్రాంతంలో ఆయన బెంగళూరుకు తిరిగివచ్చి, విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగాన్ని నెలకొల్పారు. 1971లో ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి, ఎక్స్‌-రే నీడల నుంచి లోపలి రూపాన్ని గణితంతో పునర్నిర్మించే విధానాన్ని ప్రచురించారు. 1977లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధి బాధించింది. 1998లో సతీమణి రాజలక్ష్మి మరణం ఆయనను కుంగదీసింది. 1999లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సమాఖ్య ఎవాల్డ్ పురస్కారం ప్రకటించింది. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో కన్నుమూశారు.

నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. కాని తన పనిలో లోపం చూపినప్పుడు మనసు కష్టపెట్టుకొని ఆగిపోక, ఆ లోపం సంగతి తేల్చడానికి కొలతలు మొదలుపెట్టిన ఆయన ఓర్పు మన పల్లెల విద్యార్థులకు ఆదర్శం కావాలి.