కొండలను చదివిన గువో పు

చైనీయులు ఫెంగ్‌షుయ్ అని వ్యవహరించే స్థలశాస్త్రానికి ఆద్యునిగా గువో పు అనే పండితుని స్మరిస్తారు. ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. నేడు అంగళ్లలో ఆ పేరిట అమ్మే గాలిగంటలకూ, నవ్వే బొమ్మలకూ ఆయనతో ఏ సంబంధమూ లేదు. ఆయన పేరిట నిలిచిన శాస్త్రంలో తాబేలంటే నీటిపళ్లెంలో ఉంచే లోహపు బొమ్మ కాదు, నివాసానికి వెన్నుదన్నుగా నిలిచే కొండ.

గువో పు క్రీ.శ. 276లో నేటి షాన్‌షీ రాష్ట్రంలోని వెన్‌షీ ప్రాంతంలో జన్మించారు. సభలో మాట్లాడే నేర్పు తక్కువ, రచనలో మాత్రం ఆ కాలంలో సాటిలేనివారు. గురువు ఆయనకు తొమ్మిది చుట్టల గ్రంథం అనుగ్రహించారట. ఒక శిష్యుడు దానిని అపహరించాడు, చదవకముందే అది అగ్నికి ఆహుతైంది. తాళపత్రాలను చెదలకు అప్పగించిన మనకు ఆ దుఃఖం తెలియనిది కాదు.

ఉత్తరదేశానికి విపత్తు రానున్నదని గ్రహించి ఆయన పదుల కుటుంబాలతో దక్షిణానికి తరలిపోయారు. 311లో రాజధాని లోయాంగ్ శత్రువుల వశమైంది. వందలాది పర్వతాలనూ, వాటి అధిదేవతలనూ వర్ణించే షాన్‌హాయ్‌జింగ్ అనే ప్రాచీన గ్రంథానికి ఆయన రాసిన వ్యాఖ్యానం నేటికీ పండితులకు ఆధారం.

స్థలశాస్త్రంలో ఆయన పేరుతో ప్రచారంలో ఉన్నది ‘జాంగ్‌షు’ అనే చిన్న గ్రంథం. అది తరువాతి శతాబ్దాలలో కూర్చినదని విమర్శకుల అభిప్రాయం. దాని సారం ఇది. భూమిలో చీ అనే ప్రాణశక్తి సంచరిస్తుంది. గాలి దానిని చెదరగొడుతుంది, నీరు నిలుపుతుంది. కొండల వరుస ఆ శక్తిని మోసుకువచ్చే మహానాగం. వెనుక కొండ తల వంచినట్లు దిగిరావాలి, అది నల్లని తాబేలు. ఎడమ శ్రేణి మెలికలు తిరిగే నీలి నాగం, కుడి శ్రేణి ఒదిగి పడుకున్న తెల్లపులి. ఎదుట తెరపి ఉండాలి, అది ఎర్రపక్షి స్థానం. చెట్టు లేని కొండ, తెగిన కొండ, రాతికొండ, ఒంటికొండ వర్జ్యాలు.

ఈ లెక్కన మన అనంతపురం సీమలో గట్టెక్కే కొండలు ఎన్ని? అయినా తాడిపత్రిలో పెన్న దక్షిణపు ఒడ్డున, లింగం చెంత ఊరే నీటిని చూసి మన పెద్దలు స్వామిని బుగ్గ రామలింగేశ్వరుడన్నారు. శీతల ఉత్తరపు గాలిని అడ్డగించే కొండ చైనీయులకు వెనుక కావాలి. మన వాస్తు నైరుతి ఎత్తునూ ఈశాన్య పల్లాన్నీ కోరుతుంది. దేశకాలాలు వేరైనప్పుడు ఒకరి నియమాన్ని మరొకరికి అంటగట్టరాదు. అయితే వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో భూగర్భ జలమార్గాలను సిరలన్నాడు. కరవు నేలకు అక్కరకొచ్చే మాట అది. భూమికి నాడులున్నవనే భావన ఇరువురిదీ.

తల్లి మరణించగా గువో పు కొలువు విడిచి, జియాంగ్ అనే చోట నీటికి నూరడుగుల దూరమైనా లేదనిపించేటంత చేరువలో ఆమెను సమాధి చేశారు. లోకులు ఆక్షేపించారు. అది పొడినేల కాగలదని ఆయన బదులిచ్చారట. తరువాత అక్కడ ఇసుక మేటవేసి, ఎంతో దూరం వరకు మల్బరీ తోటలు వెలిశాయని చరిత్ర చెబుతున్నది.

చివరికి ఆయన వాంగ్ దున్ అనే సేనాపతి కొలువులో చిక్కుకున్నారు. అతడు చక్రవర్తిపై తిరుగుబాటు తలపెట్టి ఫలితం అడిగాడు. సాగదన్నారు గువో పు. తన ఆయువెంత అని అడిగితే, తిరగబడితే విపత్తు దగ్గరలోనే ఉన్నదన్నారు. మండిపడిన సేనాపతి, మరి నీ ఆయువెంత అన్నాడు. ఈనాటి మధ్యాహ్నం వరకే అని ఆయన సమాధానం. ప్రభువుకు నచ్చే మాట ఒక్కటి చెప్పి ఉంటే ప్రాణం దక్కేది. ఆనాడే దక్షిణపు గుట్ట వద్ద ఆయనను వధించారు. అది 324వ సంవత్సరం, ఆయనకు వారి లెక్కలో 49 ఏళ్లు. అదే ఏడు వాంగ్ దున్ రోగగ్రస్తుడై మరణించాడు, తిరుగుబాటు అణగిపోయింది. అనంతరం రాజసభ గువో పుకు హోంగ్‌నోంగ్ పాలకుడనే బిరుదును మరణానంతరం ప్రసాదించింది.